షుగర్ ఖలాస్

కువైట్‌లో, మిష్రిఫ్‌లో ఓ విల్లా వంటింట్లో, కడుగుతున్న గిన్నె చేతిలో ఉండగానే గంగులమ్మ నిలువునా కూలిపోయింది. ఆ ఇంటి యజమానురాలు, అదే గంగులమ్మ మాటల్లో ‘మామా’, పెట్టిన కేకలకు డ్రైవరు పరిగెత్తుకొచ్చాడు, అంబులెన్సు వచ్చింది. ఆస్పత్రిలో ఆమె ఉంటుందో పోతుందో చాలాసేపు ఎవరూ చెప్పలేకపోయారు. చివరికి కళ్ళు తెరిచిన మనిషిని డాక్టర్ శ్రీలేఖ “ఇన్సులిన్ సూది ఎందుకు మానేశావు?” అని అడిగితే, ఆ పిచ్చితల్లి నవ్వుతూ “ఇంగ సూదెందుకు మేడం, షుగర్ ఖలాస్ కదా!” అంది. పోయిన వారం మనం ఆమె మంచం పక్కన ఆగిపోయింది ఆ మాట దగ్గరే.

ఆ మాట విని, మంచానికి అవతల నిలబడ్డ కుముదిని గుండెల్లో రాయి పడింది. పడదూ మరి? ఆ మాట గంగులమ్మ చెవిలో వేసిన గొంతు కుముదినిదే.

కుముదినిది విజయవాడ. మొగుడు ఇంజనీరు, కాపురం సాల్మియాలో. ప్రకటనలకు మాటలు రాసి, వాటిని తనే చదివి రికార్డు చేసి ఇవ్వడం ఆమె పని. కానీ కువైట్‌లో ఇళ్ళల్లో పనిచేసే కడప, రాజంపేట, రాయచోటి ఆడవాళ్ళకు ఆ పని సంగతి తెలియదు. వాళ్ళకు తెలిసింది ‘కుముదినక్క వాయిసు’. ఇఖామా, అంటే అక్కడ ఉండనిచ్చే పర్మిట్టు, రూలు మారితే అక్క వాట్సాప్‌లో చెప్తుంది. పనికి రప్పించుకున్న కఫీల్ పాస్‌పోర్టు ఇవ్వనంటే ఎంబసీలో ఎవరి దగ్గరికి పోవాలో అక్క చెప్తుంది. అక్క చెప్పిందంటే ఇంక తిరుగులేదు. ఆ నమ్మకం ఆమె ఏళ్ళ తరబడి ఊరికే, ఒక్క పైసా పుచ్చుకోకుండా సంపాదించుకున్నది. దాన్ని ఒకడు వచ్చి సీసాలో పోసి అమ్ముకున్నాడు.

ఆ సీసా పేరు ‘థార్న్‌వెల్ దొరగారి జీవశక్తి అరఖు’. విక్టోరియా రాణి కాలం నాటి పేటెంటు మందు, మళ్ళీ మీకోసం, అని దాని గొప్ప. అట్ట మీద గడ్డం దొర, ఆయన కోటు నిండా పతకాలు, నెత్తిన రాణిగారి కిరీటం బొమ్మ.

“నువ్వే ఇనుకో అక్కా,” అని గంగులమ్మ దిండు కింద నుంచి ఫోన్ తీసింది. చేతికి సెలైన్ గొట్టం ఉంది, అయినా బొటనవేలితో ఠక్కున వెతికిపెట్టింది. గుర్రబ్బండి చప్పుడు వినిపించింది, తర్వాత సన్నాయి, తర్వాత కుముదిని గొంతు, తియ్యగా, ధీమాగా: “షుగర్... ఖలాస్!”

“నీ గొంతే గదా?”

“నాదే. కానీ నేనలా అనలేదు గంగులమ్మా.”

“నీ గొంతే అంటివి, అనలేదంటివి. ఏందక్కా ఇది?”

కుముదిని ఫోన్ లాక్కుని మళ్ళీ విన్నది. మళ్ళీ విన్నది. అప్పుడు తెలిసింది. ‘షుగర్’కీ ‘ఖలాస్’కీ మధ్య గాలి మారింది. మొదటి మాట బరువుగా ఉంది, రెండో మాట ఎగురుతోంది. స్టూడియోలో ఆమె చదివింది రెండు వాక్యాలు. ఒకటి, “తీపి తినాలన్న యావ ఖలాస్!” రెండోది చిట్టచివర నెమ్మదిగా చదివింది: “షుగర్ ఉన్నవాళ్ళు డాక్టర్ని అడగకుండా దీన్ని వాడకూడదు.” ఆ రెండో వాక్యం ఉండి తీరాలని పట్టుబట్టి రాసింది తనే. దుర్మార్గుడు, ఆ హెచ్చరిక గొంతు కోసి, దాని మొదటి మాట పట్టుకొచ్చి ‘ఖలాస్’కి అతికించాడు! జాగ్రత్త అని చెప్పడానికి వాడిన మాటనే ఎరకు గుచ్చాడు.

“కోసి అతికించారు గంగులమ్మా. నేనన్నది అది కాదు.”

“ఏమో అక్కా. నాకు ఇనపడింది ఖలాస్ అని. మా మామా ఖలాస్ అన్నాదంటే చేతిలో చీపురు ఆడనే పెట్టేయాల. ఇంగొక్క పుల్ల ఊడ్చినా అరుస్తాది. ఖలాస్ అంటే ఖలాసే గదా! అయిపోయిన షుగర్‌కు ఇంగా సూది పొడుసుకుంటా కూసుంటే నేను పిచ్చిదాన్ని కాదా?”

ఇదీ సంగతి. విజయవాడ మనిషికి ఖలాస్ అంటే తాలింపులో మిరపకాయ లాంటిది, మాటకు ఘాటు కోసం వేసింది. రోజుకు నూరుసార్లు ఆ మాటకు లేచి, ఆ మాటకు ఆగే గంగులమ్మకు అది ఆర్డరు. అక్క ఆర్డరేసింది, ఆమె సూది పక్కన పెట్టింది. సూదంటే ఆమెకు నొప్పి ఒక్కటే కాదు. ఒంట్లో బాగాలేని పనిమనిషి ఎందుకని మామా ఎక్కడ ఇంటికి పంపేస్తుందోనని, ఇన్సులిన్ సీసాను ఫ్రిజ్‌లో పచ్చిమిరపకాయల వెనక దాచి, బాత్‌రూంలో తలుపేసుకుని పొడుచుకునేది. ఇంక దాచక్కర్లేదని ఎంత సంబరపడిందో, ఆ సంబరం ఇప్పటికీ ఆమె మొహంలో కొంచెం మిగిలి ఉంది. అది చూస్తే కుముదినికి ఏడుపొచ్చింది.

“అది ప్రకటన గంగులమ్మా. ప్రకటనలో చెప్పేవన్నీ...”

“ప్రకటన అంటే అబద్ధమా అక్కా?”

అడగడంలో వెక్కిరింపు లేదు. తెలియకే అడిగింది. కుముదిని ఆమె చెయ్యి పట్టుకుని, “నా మాట విను. ఆ అరఖు పారబోసెయ్. సూది మానొద్దు. పొద్దునా సాయంత్రం వేసుకోవాలి. డాక్టరమ్మ ముందే చెప్తున్నాను, వింటున్నావా?” అంది.

“సరేలే అక్కా,” అంది గంగులమ్మ. గొంతులో నమ్మకం సగమే ఉంది.

బయట వరండాలో శ్రీలేఖ దాచకుండా చెప్పింది. శ్రీలేఖ హైదరాబాదు పిల్ల, మాట కటువు, మనసు మంచిది. “ఆమె ఒంట్లో ఇన్సులిన్ ఊరదండీ. ఇది మాత్రలతో నెట్టుకొచ్చే షుగర్ కాదు. పొద్దున మేం వేశాం. మధ్యాహ్నం వాళ్ళ మామా వచ్చి తీసుకెళ్తుందట, ఆపాలని చూశాను, వినలేదు. సాయంత్రం నుంచి ఆమే వేసుకోవాలి. మళ్ళీ మానిందనుకోండి, మళ్ళీ పడిపోతుంది. ఈసారి నా దగ్గరికి వచ్చేలోపు ఉండదు.”

“వేసుకుంటుంది. నేను వేయిస్తాను,” అంది కుముదిని. కారు తాళాలు చేతిలో నలిగిపోతున్నాయి.

*

ఆ అరఖు అమ్మే నాగేంద్రప్రసాద్ ఆఫీసు సాల్మియాలోనే, ఒక రెస్టారెంటు పైన. మెట్లెక్కుతుంటే కబాబ్ వాసన, తలుపు తీస్తే అత్తరు వాసన. గోడల నిండా పాత ప్రకటనలు, పెద్దవి చేయించి అద్దాలు కట్టించినవి. ‘సన్నిపాత జ్వరము, మహామారి, మూలవ్యాధి, గొడ్రాలితనము, తేలుకాటు, ధాతునష్టము, సర్వమునకు ఒకే సీసా.’ పక్కన ఒక జమీందారుగారి యోగ్యతాపత్రం. ఆ పక్కన, పసిబిడ్డను ఒళ్ళో పెట్టుకుని నవ్వుతున్న దొరసాని.

ఈ పని ఒప్పుకున్న కొత్తలో కుముదిని వీటిని చూసి ఎంత నవ్వుకుందో! లండన్ నుంచి ఓడల్లో పెట్టెలు పెట్టెలుగా వచ్చి మద్రాసు రేవులో దిగిన సీసాలు, ఏ రోగానికైనా ఒకటే మందు, మెడల్స్ తగిలించుకున్న డాక్టర్లు. ఆ కాలపు పత్రికలు తిరగేసి, ఆ భాషలో నాలుగు మాటలు ఏరుకుని సరదాగా రాసిచ్చింది. ఇవాళ ఆ దొరసాని బొమ్మను చూస్తే నవ్వు రాలేదు. ఏడ్చే పసిపిల్లలను నిద్రపుచ్చే సిరప్పులని అప్పట్లో అమ్మేవాళ్ళు. లోపల నల్లమందు. పిల్ల ఏడుపు మానేది, తల్లి సంతోషించేది. కొందరు పిల్లలు ఆ నిద్రలోంచి లేవలేదు. సీసా మీద తల్లి మాత్రం అలా నవ్వుతూనే ఉండేది. ఆ నవ్వును అద్దం కట్టించి గోడకు తగిలించుకున్నాడు ఈ మహానుభావుడు.

“రండి రండి కుముదిని గారూ! చాయ్ చెప్పనా?” నాగేంద్రప్రసాద్ లేచి నిలబడ్డాడు. యాభై దాటిన మనిషి, తెల్లచొక్కా, ఎదుటివాళ్ళు తిట్టినా చెరగని చిరునవ్వు.

“చాయ్ వద్దు. ఆ ప్రకటన ఇప్పుడే, నా ముందే తీసెయ్యండి.”

“ఏ ప్రకటనమ్మా?”

“నా హెచ్చరికను కోసి ‘షుగర్ ఖలాస్’ చేశారే, అది. గంగులమ్మ అని మిష్రిఫ్‌లో పనిచేసే ఆవిడ అది విని ఇన్సులిన్ మానేసింది. చచ్చి బతికింది. ఇప్పుడు ఆస్పత్రి నుంచే వస్తున్నాను.”

“అయ్యయ్యో! ఇప్పుడు బాగుందా?”

“బతికుంది. డాక్టరు పక్కన ఉండగానే చెప్పి వచ్చాను, సూది మానొద్దని. సాయంత్రం వేసుకోకపోతే పోతుంది. మీకు అర్థమవుతోందా, పోతుంది!”

“గంగులమ్మ...” అని గుర్తుచేసుకుంటున్నట్టు తల ఊపాడు. “మన కస్టమరే. పాపం. చూడండి, మనం ఎక్కడా సూది మానమని చెప్పలేదు కదా. షుగర్ అంటే చక్కెర. చక్కెర మీద మోజు ఖలాస్ అని మన ఉద్దేశం. ఆమె ఇంకోలా అనుకుంటే మనమేం చేస్తాం?”

“మన, మన అనకండి. ఉద్దేశం నాదైతే ఆ రెండో వాక్యం ఎందుకు తీసేశారు?”

“అది ఉంటే ఎవరూ కొనట్లేదమ్మా.” ఎంత మామూలుగా అన్నాడో! ఇంట్లో పాలు విరిగాయని చెప్పినట్టు చెప్పాడు. “డాక్టర్ని అడగండి అంటే డాక్టర్ దగ్గరికే పోతారు. మన దగ్గరికెందుకొస్తారు?”

ఆయన ఉత్సాహంగా గోడ దగ్గరికి నడిచి గడ్డం దొర బొమ్మను ముద్దుగా తట్టాడు.

“ఈ థార్న్‌వెల్ దొర అసలు ఉన్నాడనుకుంటున్నారా? లేడు! లండన్‌లో సబ్బులమ్ముకునే ఆసామి ఒకడు పెట్టిన పేరు. ఈ గడ్డం ఎవరో నాటకాల వేషగాడిది. ఈ జమీందారుగారు ఏ జిల్లాలోనూ లేరు, నేను వెతికించాను. పేటెంటు మందు అంటారు, పేటెంటు మాత్రం లేదు. ఎందుకు లేదు? పేటెంటు కావాలంటే లోపల ఏముందో చెప్పాలి కదా! వాళ్ళు కాపాడుకున్నది బొమ్మను, పేరును. అమ్ముడుపోయేది సరుకు కాదు కుముదిని గారూ, మాట. నూరేళ్ళ కిందట వాళ్ళు కనిపెట్టిన సత్యం అది. మనం కొత్తగా చేస్తున్నదేముంది?”

“అంటే నూరేళ్ళ కిందటి మోసం కాబట్టి గౌరవించాలా? అప్పుడు దొరలు చేస్తే మన వాళ్ళకు చదువు లేదు, వైద్యం లేదు, అడిగే దిక్కు లేదు. ఇప్పుడు గంగులమ్మకు ఆస్పత్రి ఉంది. ఇన్సులిన్ ఉంది. చేతిలో ఉన్న మందును పడేయించి నీళ్ళు తాగిస్తున్నారు మీరు. ఆ దొరలే నయం!”

“నీళ్ళు కాదండీ. మంచి సరుకే వేస్తున్నాం. మెంతులు, దాల్చినచెక్క, బెల్లం పాకం...”

“ఏమిటీ?”

“బెల్లం. రుచికి.”

కుముదిని ఒక అడుగు ముందుకేసింది. అక్కడితో గారూ పోయింది, మీరూ పోయింది. “బెల్లమా? షుగర్ ఉన్నవాళ్ళకు రోజూ రెండు పూటలా బెల్లం పాకం తాగిస్తున్నావా? నీకు అమ్మ లేదా, అక్కచెల్లెళ్ళు లేరా? వాళ్ళకు పోస్తావా ఒక గ్లాసు? తెప్పించు, నువ్వు తాగు నా ముందర!”

“గొంతు తగ్గించండి, కింద జనం ఉన్నారు.”

“ఉండనీ! వాళ్ళూ వినాలి.”

ఆ చిరునవ్వు అప్పుడు కూడా చెరగలేదు, చూడండి. తాపీగా కుర్చీలో కూర్చుని కంప్యూటర్ తెర ఆమె వైపు తిప్పాడు. “కోపంలో ఉన్నారు. ఇది వినండి, చల్లబడతారు,” అని ఒక మీట నొక్కాడు.

గుర్రబ్బండి చప్పుడు, సన్నాయి, తర్వాత కుముదిని గొంతు. అదే తీపి, అదే ధీమా, మాట చివర ఆమె తీసే చిన్న రాగంతో సహా. కానీ మాట్లాడుతున్నది తమిళం. కుముదినికి తమిళంలో అన్నం అడగడం కూడా రాదు.

“ఇది ఎవరు?”

“మీరే. మీ పాత వాయిసులన్నీ వాట్సాప్‌లో ఉన్నాయి కదా, ఇఖామాలనీ, ఎంబసీ అనీ. అవన్నీ యంత్రానికి వినిపించాం. ఇప్పుడు మనం రాసిస్తే చాలు, మీ గొంతుతో అది చదివేస్తుంది. ఏ భాషయినా సరే. మీరు స్టూడియోకి కూడా రానక్కర్లేదు.”

కష్టాల్లో ఉన్న ఆడవాళ్ళకోసం, పిల్లలు నిద్రపోయాక, గొంతు బొంగురుపోయినా మళ్ళీ మళ్ళీ చదివి పంపిన వాయిసులు అవి. ఒంటి మీది బట్ట ఎవరో బజార్లో కట్టుకు తిరుగుతున్నట్టనిపించింది కుముదినికి. ఆ తెర పగలగొట్టకుండా చేతులు వెనక్కి కట్టుకుంది.

“నా గొంతు నాది. నువ్వెవడివి వాడుకోవడానికి?”

“కేసు వేస్తారా? వేయండి. గొంతు మీది, మాట మీరు రాసింది, ఆ గంగులమ్మ నమ్మింది మిమ్మల్ని. నన్నెవరూ చూడను కూడా లేదు. మొదట పిలిచేది మిమ్మల్నే కదా.”

“కేసు సంగతి తర్వాత. నాకిప్పుడు కావాల్సింది ఆ మనిషి ప్రాణం. కిందికి దిగుతాను, ఇదే ఫోన్‌లో, ఇదే గొంతుతో ప్రతి గ్రూపులోనూ నిజం చెప్తాను. ఆ ప్రకటన అబద్ధమని, సూదులు మానొద్దని. నీ దొరను, నీ రాణిని ఎవడు నమ్ముతాడో చూస్తాను.”

నాగేంద్రప్రసాద్ కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. “చెప్పండి,” అన్నాడు, ఎంతో మర్యాదగా. “ఇవాళ గురువారం, రేపు సెలవు, అందరి చేతుల్లోనూ ఫోన్లు ఉంటాయి. తప్పకుండా చెప్పండి. యల్లా, కానివ్వండి.”

ఆమె తలుపు ధడాలున వేసి మెట్లు దిగింది. వెనక నుంచి ఆయన కీబోర్డు టకటక మొదలైంది. ఆ చప్పుడు ఆమె చెవిన పడింది కానీ, కోపంతో కుతకుతలాడుతున్న బుర్రకు ఎక్కలేదు.

*

సాల్మియాలో పార్కింగ్ దొరకడం ఎంత కష్టమో, అందులోంచి బయటపడడం అంతకన్నా కష్టం. వెనక ఎవడో బండి అడ్డం పెట్టి పోయాడు. వాడి కోసం హారన్లు కొట్టి, రెస్టారెంటులోకి పోయి అరిచి, ఆ మనిషి తీరిగ్గా పళ్ళు కుట్టుకుంటూ వచ్చి బండి తీసేసరికి బోలెడు సేపు పట్టింది. సముద్రం ఒడ్డున రోడ్డు పక్కన ఆగి, అద్దాలు ఎత్తేసి, కుముదిని ఫోన్ నోటి దగ్గర పెట్టుకుంది.

స్టూడియోలో అయితే గుక్క ఎక్కడ తీసుకోవాలో, ఏ మాట సాగదీయాలో గీతలు గీసుకునేది. ఇవాళ ఏమీ లేదు. “నేను కుముదినిని. థార్న్‌వెల్ అరఖు గురించి నా గొంతుతో వస్తున్నది అబద్ధం. అందులో ఉన్నది బెల్లం. షుగర్ ఉన్నవాళ్ళు తాగితే ప్రాణం మీదికొస్తుంది. మాత్రలు మానొద్దు. సూదులు మానొద్దు. ఎవరు ఖలాస్ అన్నా వినొద్దు, నేనన్నా వినొద్దు. మీ డాక్టరు చెప్పిందే వినండి.” ఒకటి రెండు మాటలు తడబడ్డాయి. మళ్ళీ రికార్డు చేయలేదు, అలాగే పంపింది. ఒక్కో గ్రూపుకూ పంపింది.

తర్వాత గంగులమ్మకు విడిగా ఇంకొకటి. “గంగులమ్మా, నేనమ్మా. నీ కాళ్ళు పట్టుకుంటాను. సాయంత్రం సూది వేసుకో. వేసుకుని నాకు ఒక్క మాట చెప్పు. నా వల్ల నీకేమన్నా అయితే నేను బతకలేను గంగులమ్మా.” ఏడుపు ఆగలేదు, మాటల మధ్యలోనే వచ్చేసింది.

రెండు టిక్కులూ నీలంగా మారాయి. విన్నది! కుముదిని స్టీరింగ్ మీద తల ఆనించి గట్టిగా ఊపిరి పీల్చుకుంది. అమ్మయ్య, వాడి యంత్రం కన్నా ముందు మనిషి నోరు పనిచేసింది అనుకుంది.

ఫోన్ చేస్తే గంగులమ్మ ఎత్తలేదు. మామా ఎదురుగా ఉంటే ఎత్తదు, అది మామూలే. అయినా మనసు ఒప్పుకోలేదు. దగ్గరుండి ఒక్క సూది వేయించి వస్తే చాలు. మామా కసిరితే కసరనీ, కాళ్ళావేళ్ళా పడదాం అనుకుని కారు మిష్రిఫ్ వైపు తిప్పింది.

గురువారం సాయంత్రపు రద్దీ దాటుకుని ఆమె వెళ్ళేసరికి పొద్దు వాలుతోంది. దగ్గర్లో మసీదులో మగ్రిబ్ బాంగు మొదలైంది. గంగులమ్మ సూది వేసుకోవాల్సిన వేళ. విల్లా ముందు ఎప్పుడూ ఉండే రెండు పెద్ద బండ్లూ లేవు. కిటికీల తెరలన్నీ దింపేసి ఉన్నాయి. కుముదిని బెల్లు కొట్టింది. మళ్ళీ కొట్టింది. లోపల మోగుతున్న చప్పుడు బయటికి వినిపిస్తోంది కానీ ఎవరూ రాలేదు.

అప్పుడు చేతిలో ఫోన్ గుర్రుమంది. గంగులమ్మ నుంచి వాయిసు. కుముదిని ఆత్రంగా నొక్కి చెవికి ఆనించుకుంది. వెనక పిల్లల అల్లరి, కారు పోతున్న హోరు. వాటి మధ్య గంగులమ్మ గొంతు, గుసగుసగా, కానీ ఎంత హుషారుగా ఉందో!

“అక్కా, బాగుండావా? మామా వాళ్ళు సముద్రం కాడ షాలేకు పోతాండారు, నన్నూ ఎక్కిచ్చుకున్న్యారు. ఫోన్లో చార్జింగు లేదు, బిరీన చెప్పేస్తా. మధ్యాన్నం నువ్వు పంపిన వాయిసు ఇంటి. ‘గంగులమ్మా, పొద్దున డాక్టరమ్మ పక్కన ఉండబట్టి అట్ల చెప్పాల్సొచ్చె, మనసులో పెట్టుకోవద్దు’ అంటివే, అది. ‘నా గొంతుతో ఎవరో యంత్రం పెట్టినారు, సూది ఏసుకోమని ఏడుస్తాది, నమ్మొద్దు’ అంటివి. మంచిపని చేస్తివి ముందే చెప్పి! నువ్వన్నట్టే వచ్చినాదక్కా ఆ యంత్రం. అచ్చం నీ మాదిరే! గంగులమ్మా, గంగులమ్మా అంటాది, కాళ్ళు పట్టుకుంటానంటాది, ఎక్కెక్కి ఏడుస్తాది. నాకు నవ్వొచ్చినాది. నువ్వు యానాడన్నా ఏడ్చినావా? నేనేం మోసపోలేదులే, నువ్వేం భయపడొద్దు. సూదుల డబ్బా చెత్తబుట్టలో ఏసేసినా. అరఖు సీసా సంచిలో పెట్టుకున్న్యా. ఉంటా అక్కా.”

కుముదిని వెంటనే నంబరు నొక్కింది. స్విచ్ఛాఫ్. మళ్ళీ నొక్కింది. స్విచ్ఛాఫ్.

ఇక్కడి నుంచి దక్షిణంగా సరిహద్దు దాకా సముద్రం పొడుగునా షాలేలే, సెలవులకు వచ్చిపోయే బంగళాలే. వాటిల్లో గంగులమ్మ మామాది ఏదో కుముదినికి తెలియదు.